ధర్మపురి: దర్శనానికి గంట చాలు, ఊరికి ఒక పూట కావాలి

జగిత్యాల నుంచి మంచిర్యాల వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారిపై, జగిత్యాలకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురికి వచ్చేవారిలో చాలామంది నదిలో మునిగి, నరసింహస్వామికి కొబ్బరికాయ కొట్టి, వెంటనే కొండగట్టుకో వేములవాడకో బయలుదేరుతారు. ఆ తొందరలో ఈ ఊరిలో అసలు చూడదగినవే తప్పిపోతున్నాయని నా అభిప్రాయం.

వాటిలో మొదటిది ఆలయ ప్రాంగణంలోని యమధర్మరాజు గుడి. యముడికి గుడి ఉండటమే అరుదు. ఇక్కడ కోరలతో నిలిచిన ఆ మూర్తి ఎదుట భక్తులు గండదీపంలో నూనె పోసి, అపమృత్యు భయం తొలగాలని మొక్కుకుంటారు. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని పెద్దలు చెప్పే మాట ఇక్కడ నిలబడినప్పుడే వంటబడుతుంది. పక్కనే రామలింగేశ్వరుడు కొలువై ఉన్నందున శైవులకూ వైష్ణవులకూ ఇది ఒకే క్షేత్రం. బ్రహ్మపుష్కరిణి అని పిలిచే కోనేరును మామూలు రోజుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు కానీ, ఫాల్గుణ బ్రహ్మోత్సవాల్లో స్వామివారి తెప్పోత్సవం, డోలోత్సవం జరిగేది అందులోనే. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఈ ఊరివాడే. పద్యపద్యానికీ మకుటంలో ధర్మపురి పేరు నిలిపిన ఆయన కోసమైనా సాహిత్యాభిమానులు ఒకసారి రావాలి. పాము రూపంలో ఉన్న భర్తకు గోదావరి స్నానంతో మనిషి రూపం తిరిగి తెప్పించుకుందని చెప్పుకునే సత్యవతి కథతో ముడిపడిన ఇసుక స్తంభాన్ని దారి అడిగి మరీ చూడాలి.

గోదావరి ఇక్కడ దక్షిణంగా పారుతుంది కనుక స్నానానికి విశేషమంటారు. వానాకాలంలో శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తితే నది రేవు మెట్ల మీదికి వస్తుంది, ఎండాకాలంలో పాయలుగా చీలి సన్నబడుతుంది. అందువల్ల కార్తీకం నుంచి మాఘం వరకు వెళ్లడం మేలు. స్నానం చేసినవారు నీటిలోనే వదిలేసే పాత బట్టలు మాత్రం చూడటానికి బాధాకరం. పిండప్రదానం వంటి క్రతువులు చేయించదలచినవారు దక్షిణ, సామగ్రి ఖర్చు ముందే మాట్లాడుకోవాలి. భోజన వసతి సాధారణం.

మధ్యాహ్నం గుడి మూసే వేళకు సొంత వాహనం ఉన్నవారు రాయపట్నం మీదుగా కరీంనగర్ దారి పట్టి, వెల్గటూరు మండలంలోని కోటిలింగాలలో ఆగవచ్చు. శాతవాహన రాజు శ్రీముఖుని నాణేలు దొరికిన ఈ ప్రాచీన స్థలంలో కొంత భాగం ఎల్లంపల్లి జలాశయపు నీటిలో మునిగిపోయినా, ఒడ్డున ఉన్న శివాలయాన్ని దర్శించుకొని చీకటి పడకముందే కరీంనగర్ చేరుకోవచ్చు.