కుటుంబ ప్రయాణపు బడ్జెట్ ప్రాజెక్టు ప్యాకెట్: మన ఎనిమిదో తరగతికి ఎంత పనికొస్తుంది?

కుటుంబమంతా కారులో రెండు మూడు రోజులు తిరిగి రావడానికి ఎంత ఖర్చవుతుందో, ఇచ్చిన సొమ్ములో దాన్ని ఎలా సర్దుకోవాలో విద్యార్థుల చేతనే లెక్క కట్టించే ప్రాజెక్టులు అమెరికా పాఠశాలల్లో బాగా వాడుకలో ఉన్నాయి. అక్కడి ఉపాధ్యాయులు తమ తరగతిలో వాడిన అభ్యాస పత్రాలను పీడీఎఫ్‌లుగా మలిచి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. అలాంటి ప్యాకెట్ ఒకదాన్ని మా పాఠశాల కొని, హైదరాబాదు తూర్పు శివారులోని మా ఎనిమిదో తరగతిలో చేయించింది. ఈ రకం సామగ్రి చాలావరకు ఒకే మూసలో ఉంటుంది కనుక, వేరొకటి కొనదలచిన ఉపాధ్యాయులకు కూడా ఈ సమీక్ష అక్కరకు వస్తుందని అనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇందులో లెక్కలు వేయించే పేజీలను మనం ఎలాగూ తిరగరాసుకోవాలి. వేసిన లెక్కకు కోత పెట్టించే పేజీల కోసమైతే డబ్బు పెట్టవచ్చు.

ప్యాకెట్ అమరిక సరళంగానే ఉంది. నలుగురైదుగురు విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడి ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుంటారు, గమ్యం ఎంచుకుంటారు, దూరం కొలుస్తారు, ఇంధనం, బస, భోజనం, ప్రవేశ రుసుములు విడివిడి పట్టికల్లో రాస్తారు, చివరికి మొత్తం తేల్చి తరగతి ముందు తమ ప్రణాళికను సమర్థించుకుంటారు. భాష సులువైన ఇంగ్లీషే కానీ, తెలుగు మాధ్యమం విద్యార్థులకు సూచనలన్నీ తెలుగులో రాసి ఇవ్వక తప్పదు. అందుకు ఒక సాయంత్రం చాలు.

అసలు శ్రమ కొలమానాల దగ్గర మొదలవుతుంది. ప్యాకెట్‌లోని కారు గాలనుకు 25 మైళ్లు ఇస్తుంది. మైలు 1.609 కిలోమీటర్లు, అమెరికా గాలను 3.785 లీటర్లు కనుక అది లీటరుకు 10.6 కిలోమీటర్లతో సమానం. ఈ మార్పిడిని ఒక్కసారి చేయించడం మంచి అభ్యాసమే కానీ, ప్రాజెక్టు పొడవునా మైళ్లు, గాలన్లు ఉంచితే పిల్లల బుర్ర ప్రయాణం మీద కాక మార్పిడి మీదే ఖర్చవుతుంది. అందుకే ఆ పేజీలను పక్కనపెట్టి మా పిల్లలకు తెలిసిన దారినే ఇచ్చాము: హైదరాబాదు నుంచి హనుమకొండ, అక్కడి నుంచి ములుగు మీదుగా పాలంపేటలోని రామప్ప గుడి, ఆ తర్వాత లక్నవరం చెరువు, తిరిగి ఇల్లు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన గుడి కనుక సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయురాలు కూడా ఉత్సాహంగా మాతో కలిశారు. పక్కదారులతో కలిపి మొత్తం 480 కిలోమీటర్లుగా తీసుకున్నాము.

ఈ ఒక్క అంకెతోనే అనులోమ, విలోమ అనుపాతాల పాఠం మొత్తం నడిచింది. కారు కంపెనీ లీటరుకు 20 కిలోమీటర్లు వస్తుందని చెబితే 24 లీటర్లు చాలు. ప్రయోగశాలలో కొలిచిన ఆ మైలేజీ రోడ్డు మీద 16కి పడిపోతే 30 లీటర్లు కావాలి. పెట్రోలు లీటరు 108 రూపాయలుగా లెక్కిస్తే మొదటిది 2,592 రూపాయలు, రెండవది 3,240 రూపాయలు. ప్రకటనలోని మైలేజీని నమ్మి బయలుదేరిన కుటుంబానికి దారిలో 648 రూపాయలు తక్కువ పడతాయన్నమాట. కాల గణన పేజీలో ఇంతకంటే పెద్ద తేడా బయటపడింది. ప్యాకెట్ గంటకు 60 మైళ్ల సగటు వేగాన్ని ఖాయం చేసుకుంది, అంటే సుమారు 96 కిలోమీటర్లు. ఆ లెక్కన మా ప్రయాణం ఐదు గంటల్లో ముగియాలి. ఉప్పల్ కూడలి దాటడానికి ఎంతసేపు పడుతుందో రోజూ చూసే పిల్లలు ఆ అంకెను చూసి నవ్వారు, సగటు వేగాన్ని వాళ్లే 48కి తగ్గించారు, ఐదు గంటలు పది గంటలయ్యాయి. వేగం సగమైతే కాలం రెట్టింపవుతుందని నేను బోర్డు మీద రాయాల్సిన అవసరం రాలేదు.

టోలు గురించి ప్యాకెట్‌లో ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు. మన జాతీయ రహదారుల మీద ప్రయాణానికి ఇది పెద్ద లోటు, పైగా మంచి లెక్కలు పుట్టే చోటు కూడా ఇదే. ఒక టోల్‌గేటు దగ్గర కారుకు ఒక వైపు 100 రూపాయలనుకుందాం. ఇరవై నాలుగు గంటల లోపు అదే గేటు గుండా తిరిగి వస్తే రానుపోను కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది, కాబట్టి 200 కాక 150 చాలు. శనివారం పొద్దున బయలుదేరి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చే ప్రణాళిక వేసిన బృందాలకు ఈ రాయితీ దక్కదు. ఒక్కరోజులోనే తిరిగి రావాలనుకున్న బృందానికి దక్కుతుంది, కానీ వాళ్లు పది గంటలు కారులోనే గడపాలి. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ మీద మరో లెక్క ఇచ్చాము. అది మొదలైనప్పుడు సొంత కార్లకు 3,000 రూపాయలకు ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందు పూర్తయితే అది. దాటింపుకు 15 రూపాయలే కదా అని అందరూ మొదట పాస్ కొనడానికే మొగ్గారు. గేటుకు 100 చొప్పున ఏడాదిలో 30 సార్లు దాటితేనే పెట్టిన సొమ్ము తిరిగొస్తుందని, ఈ ప్రయాణంలో రెండు గేట్లు రానుపోను దాటితే నాలుగు సార్లే అవుతుందని తేలాక ఆలోచన మారింది. ఏటా ఎన్నిసార్లు ఊరికి వెళతారో ఇంట్లో అడిగి రమ్మంటే, కొందరు తండ్రులు కూడా ఈ లెక్కలో ఆసక్తి చూపారు.

పన్ను పేజీని మాత్రం పిల్లలకు ఇవ్వకుండానే తీసేయండి. అమెరికాలో వస్తువు ధర మీద అమ్మకపు పన్ను బిల్లు దగ్గర అదనంగా కలుస్తుంది, కానీ మన చిప్స్ ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలోనే అన్ని పన్నులూ ఉంటాయి. హోటలు గది, భోజనం బిల్లు మాత్రం వేరు. వాటికి జీఎస్టీ విడిగా వేస్తారు. 7,500 రూపాయల లోపు గదుల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి ఐదు శాతం. బడ్జెట్ వేసేటప్పుడు ఏ ధరకు పన్ను కలపాలి, దేనికి కలపకూడదు అన్నదే మన పిల్లలు నేర్చుకోవలసిన విషయం. భోజనం మీద పదిహేను నుంచి ఇరవై శాతం టిప్పు లెక్కించే అభ్యాసం శాతాల సాధనకు పనికొస్తుందేమో కానీ, ఇక్కడి జీవితంతో దానికి సంబంధం లేదు. ప్రవేశ రుసుముల పట్టిక కూడా తిరగరాసుకోవాలి. వరంగల్ కోట వంటి పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు, కనుక ఎనిమిదో తరగతి పిల్లకు సున్నా, ఇంటర్ చదివే అన్నకు డబ్బులు.

ఇక ఈ ప్యాకెట్‌లోని అతి పెద్ద లోపానికి వస్తాను. కుటుంబానికి కారు ఉందని ఇది అడగకుండానే అనుకుంది. మా తరగతిలో సగానికి పైగా ఇళ్లలో కారు లేదు. కారు లేని పిల్లవాడు ఊహా కారుకు ఊహా పెట్రోలు పోయించడంలో తప్పేమీ లేదు కానీ, అతనికి బాగా తెలిసిన బస్సు ప్రయాణానికి ఈ కాగితాల్లో ఒక్క గడి కూడా లేకపోవడం అన్యాయం. అందుకే ప్రతి బృందం కారు లెక్క పక్కన ఆర్టీసీ లెక్క కూడా వేయాలని నియమం పెట్టాము. ఒక బృందం తీసుకున్న కుటుంబంలో తండ్రి, తల్లి, నానమ్మ, పదమూడేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల తమ్ముడు ఉన్నారు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు డబ్బు లేదు. అంటే నాలుగున్నర టికెట్లు కావలసిన చోట తండ్రికి ఒకటి, తమ్ముడికి అర టికెట్టు చాలు. ఛార్జీ మూడింట ఒక వంతుకు దిగింది. ములుగు తర్వాత ఆటోలకు అయ్యే ఖర్చు కలిపినా కారు లెక్క దరిదాపులకు రాలేదు. కానీ ఆ బృందంలోని అమ్మాయే లేచి, మోకాళ్ల నొప్పులున్న నానమ్మ ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరక్క నిలబడితే ఎలా అని ప్రశ్నించింది. చివరికి వాళ్లు పోయేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు హనుమకొండ నుంచి అద్దె కారు అని తేల్చారు. అమెరికా ప్యాకెట్ ఊహించని సమాధానం అది. ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయులు 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో ఇదే అభ్యాసం చేయించవచ్చు. అయితే ఈ రాయితీలు రాష్ట్రం లోపలి ప్రయాణానికే కనుక, సరిహద్దు దాటే దారి ఇవ్వకండి.

ఇన్ని మార్పులు చేసుకోవలసి వచ్చినప్పుడు అసలు కొనడం ఎందుకు అన్న ప్రశ్న సహజం. దానికి నా జవాబు కోత పేజీ. మొత్తం తేలి, పట్టికలన్నీ నిండి, బృందాలు ఊపిరి పీల్చుకున్న తర్వాత ఈ పేజీ వారి చేతికి వస్తుంది: మీ బడ్జెట్‌లో ఇరవై శాతం తగ్గించండి, ఒక్కొక్క కోతకూ కుటుంబంలో ఎవరు ఏమి వదులుకుంటున్నారో పేరుతో సహా రాయండి. ఈ రెండో షరతే దీనిలోని తెలివి. గదుల అద్దెలో వెయ్యి తగ్గించాం అని రాస్తే చెల్లదు, రెండు గదులు ఒకటి చేయడం వల్ల నాన్న కింద పడుకుంటారు అని రాయాలి. లక్నవరంలో పడవ ఎక్కడం తీసేస్తే ఏడ్చేది తమ్ముడు అని రాయాలి.

ఒక బృందం భోజనాల ఖర్చును ఒక్క దెబ్బతో కొట్టేసింది. ఇంటి నుంచి పులిహోర కట్టుకు పోతాము, మొదటి రోజు భోజనానికి సున్నా అన్నారు. వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి, బియ్యం, చింతపండు, నూనె ఊరికే వస్తాయా అని అడిగాడు. నిజమే కదా అని వాళ్లు సరుకుల విలువ కట్టి రాశారు. అప్పుడు అదే బృందంలోని అమ్మాయి, "మా అమ్మ పొద్దున మూడింటికి లేచి చేస్తది సార్, అది ఏ గడిల రాయాలె?" అంది. ప్యాకెట్‌లో అందుకు గడి లేదు. వాళ్లు పట్టిక చివర చేత్తో ఒక గీత గీసి, అమ్మ నిద్ర, మూడు గంటలు అని రాసుకున్నారు, దానికి రూపాయలు వేయలేదు. వచ్చే ఏడాది ముద్రించే మా పట్టికలో ఆ నిలువు వరుస మొదటి నుంచే ఉంటుంది.

కోత పేజీ వెనకే వచ్చే అనుకోని ఘటనల కార్డులు కూడా బాగున్నాయి. ప్రతి బృందం ఒక కార్డు తీసి, అందులోని చిక్కును మిగిలిన సొమ్ముతోనే పరిష్కరించాలి. టైరు పంక్చరు, జ్వరం, బుక్ చేసిన గది దొరకకపోవడం వంటివి మనకూ సరిపోతాయి. మంచు తుఫాను కార్డును చించేసి మేడారం జాతర కార్డు చేర్చాము. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఆ దారి ఎలా కిక్కిరిసిపోతుందో తెలిసిన పిల్లలు, కార్డు చూడగానే ప్రయాణాన్ని వారం వాయిదా వేసి, గది రద్దు చేస్తే ఎంత పోతుందో లెక్క కట్టడం మొదలుపెట్టారు. అత్యవసర నిధి ఎందుకు ఉంచుకోవాలో పాఠంగా చెప్పవలసిన పని ఈ కార్డులు తప్పించాయి.

మార్కుల పట్టిక విషయంలో నాకు అసంతృప్తి ఉంది. పోస్టరు అందానికి, కూడిక సరిగా వచ్చిందా లేదా అన్నదానికి ఎక్కువ మార్కులు, నిర్ణయానికి చెప్పిన కారణానికి తక్కువ మార్కులు కేటాయించారు. కోత పేజీ అంత బాగా రాసినవారే ఇలా పంచడం వింతగా అనిపించింది. మేము ఆ నిష్పత్తిని తలకిందులు చేశాము. అలాగే, సమయం ఎంత పడుతుందో ప్యాకెట్ చెప్పిన దానికంటే రెట్టింపు పీరియడ్లు కేటాయించుకోండి, ఎందుకంటే ధరలు కనుక్కోవడానికే పిల్లలకు చాలాసేపు పడుతుంది. పర్యాటక శాఖ హరిత హోటళ్ల గదుల ధర, వారాంతంలో ఎంత, మామూలు రోజుల్లో ఎంత అని పెద్దల ఫోన్లలో వెతికించాలి.

కొనేవారు లైసెన్సు షరతు ఒకసారి చదువుకోవాలి. మేము తీసుకున్నది ఒక ఉపాధ్యాయుని తరగతులకే వర్తిస్తుంది. పక్క సెక్షను సారుకు నకలు ఇవ్వాలంటే అదనపు లైసెన్సు తీసుకోవాలి. విదేశీ చెల్లింపు కనుక కార్డు రుసుము కలిసి ధర కాస్త పెరుగుతుంది. రంగుల పేజీలు నలుపు తెలుపులో ముద్రిస్తే లేత పసుపు గడుల గీతలు కనిపించవు, ముందు ఒక ప్రతి తీసి చూసుకోవాలి. సమయం ఉన్న గణిత ఉపాధ్యాయులకు ఇది కొనదగినదే. ఉన్నది ఉన్నట్టు ముద్రించి పంచుదామనుకునేవారికి మాత్రం కోత పేజీ, ఘటనల కార్డులు తప్ప మిగతాది ఉపయోగపడదు.