మామిడి తోటలో డీఅడిక్షన్ సెంటర్: రెండేళ్ల తర్వాత ఒక తండ్రి సమీక్ష

మా అబ్బాయితో గంజాయి మాన్పించడానికి మూడు నెలలు ఉంచిన చోటు గురించి రాస్తున్నాను. అక్కడి నుంచి వచ్చి రెండేళ్లు కావస్తోంది. రాగానే రాసుంటే ఐదు స్టార్లు ఇచ్చేవాడిని, ఆరు నెలలకు రాసుంటే ఒక్కటే ఇచ్చేవాడిని. ఇప్పుడు అడిగితే మూడున్నర. సెంటర్ పేరు రాయను, రాస్తే పిల్లాడెవరో తెలిసిపోతుంది. అనంతగిరి గుట్టల వైపు, పెద్ద మామిడి తోట మధ్యలో ఉంటుంది. పద్దెనిమిది లోపు మగపిల్లలనే చేర్చుకుంటారు.

వాడప్పుడు ఇంటర్ సెకండియర్. అలవాటు కాలేజీ హాస్టల్లో మొదలైంది. బ్యాగులో ఓసీబీ పేపర్లు దొరికితే, అవి గంజాయి చుట్టుకునే కాగితాలని మా బావమరిది చెప్పాడు. డాక్టరు ముందు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో డీఅడిక్షన్ విభాగం ఉంది, అక్కడ చూపించండి అన్నారు. ఎర్రగడ్డ అనగానే మా ఆవిడ అక్కడి నుంచి లేచి వెళ్లిపోయింది. ఆ ఒక్క కారణంతోనే మేం ప్రైవేటు వైపు తిరిగాం. డబ్బుకు ఇబ్బందిపడే వాళ్లు మాలా చేయకండి. మా ఇంట్లో ఇంకో భయం పోలీసు కేసు. తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చినవాళ్లకు, కొద్ది మొత్తంతో పట్టుబడ్డ కేసుల్లో విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ మత్తుపదార్థాల కేసులు పెట్టే ఎన్డీపీఎస్ చట్టంలోనే ఉందని డాక్టరు చెప్పాక కాస్త ఊపిరి ఆడింది.

ఇది కాక ఇంకో రెండు చోట్లు చూశాం. ఒకచోట పిల్లల్ని తాగుడు మాన్పించే పెద్దవాళ్లతో కలిపి ఒకే హాల్లో పడుకోబెడుతున్నారు. "నెలరోజులు ఫోన్ లేదు, చూడటానికి రావడం లేదు, మీకెందుకు సార్ టెన్షన్, రాత్రి మా వాళ్లే వ్యాన్లో వచ్చి తీసుకెళ్తారు" అన్నాడు మేనేజరు. వెంటనే వచ్చేశాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్‌ని చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, పెద్దలకు దూరంగా వేరే వసతి ఇవ్వాలి, చేర్చుకున్న విషయం 72 గంటల్లో ఆ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలపాలి. అన్నిటికన్నా ముఖ్యం, సంరక్షకుడు గానీ ఆయన పెట్టిన మనిషి గానీ ఆ పిల్లాడితోపాటే ఉండాలి. ఈ తోట వాళ్లు ఆ సంగతి వాళ్లే చెప్పారు. అందుకే అక్కడ చేర్చాం. షాపు మా తమ్ముడికి అప్పజెప్పి నేను కొన్నాళ్లు, మా బావమరిది కొన్నాళ్లు, మార్చి మార్చి అక్కడే ఉన్నాం. కాబట్టి ఇది బయటి నుంచి చూసి రాస్తున్నది కాదు.

మొదటి వారం నరకం. గంజాయి మానితే ఏమవుతుందిలే అనుకుంటారు చాలామంది. నిద్ర పట్టదు, పట్టినా భయంకరమైన కలలు. చెమటలు, అన్నం చూస్తే వికారం, పలకరిస్తే కోపం. ఇది మొదటి వారంలోనే ఎక్కువగా ఉండి రెండు వారాలకు తగ్గుముఖం పడుతుందని సైకియాట్రిస్టు ముందే చెప్పారు, మాకు అలాగే జరిగింది. గంజాయి అలవాటును మాన్పించే మందంటూ ప్రత్యేకంగా లేదు. నిద్రకు కొన్నాళ్లు ఏదో ఇచ్చారు, మిగతాదంతా మాటలతోనే.

ఇక తోట సంగతి. పొద్దున్నే ఆవుల కొట్టం శుభ్రం చేయడం, చెట్లకు పాదులు తీయడం, సాయంత్రం వాలీబాల్. ఒళ్లు అలిసిపోవడంతో మూడో వారానికి మందు లేకుండానే నిద్రపోయాడు. దీనికి మాత్రం పూర్తి మార్కులు. సిగ్నల్ లేకపోవడం ఇంకా మేలు చేసింది. ఈ గుట్టల మీదికి ఒకప్పుడు టీబీ రోగులను గాలి మార్పుకు పంపేవాళ్లు, ఇప్పుడు అదే దారిలో ఫాంహౌస్ పార్టీలకు కార్లు పోతుంటాయి. శనివారం రాత్రి డీజే మోత గోడ దాకా వినిపించేది. పిల్లలు దాన్ని విని నవ్వుకునేవాళ్లు, నాకు మాత్రం నవ్వు రాలేదు. మధ్యాహ్నాలు బాగా గడిచేవి కావు. భోజనాల తర్వాత మూడు గంటలు ఏ పనీ లేదు, పుస్తకాల బీరువాకు తాళం. ఆ ఖాళీలోనే గొడవలన్నీ వచ్చేవి. ఆదివారమైతే చెప్పనక్కర్లేదు. బ్రోచర్‌లో రాసిన 'ప్రకృతి ఒడి'లో పాములు, దోమలు కూడా ఉంటాయి, డిసెంబరు చలికి రెండు దుప్పట్లు చాలవు.

నిజంగా పనిచేసింది అక్కడి కౌన్సెలర్. ముప్పై దాటని కుర్రాడు, పిల్లలంతా "అన్నా" అనేవాళ్లు. ఉపన్యాసాలు ఇచ్చే మనిషి కాదు. ఎప్పుడు, ఎక్కడ, జేబులో ఎంత డబ్బుతో తాగాలనిపిస్తుందో మా వాడి చేతే రాయించాడు. మేం ఊహించినట్టు ఫ్రెండ్స్ పేర్లు పైన లేవు. వీక్లీ టెస్ట్ అయిపోయిన సాయంత్రం, ఆ తర్వాత పేటీఎంలో నేను వేసే పాకెట్ మనీ, మూల మీది పాన్ డబ్బా, ఇవే వరుస. డబ్బు పూర్తిగా ఆపేస్తానన్నాను. "ఆపకండి సార్, నగదుగా కొంచెం కొంచెం ఇవ్వండి, మీరు లెక్క అడగకండి, వాడే వచ్చి చెప్పాలి" అన్నాడు. అది ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. ఇంకో సంగతి: నాలుగో వారంలో కూడా మూత్ర పరీక్ష పాజిటివ్ వచ్చింది. నేను వాడి మీదికి పోతుంటే ఆయనే ఆపాడు. రోజూ తాగినవాడి ఒంట్లో దాని ఆనవాళ్లు వారాల తరబడి ఉంటాయట, ఒక్క ఫలితం కన్నా అది క్రమంగా తగ్గుతోందా లేదా అన్నదే చూడాలట. ఈ మాట ప్రతి తండ్రికీ మొదటి రోజే చెప్పాలి.

అక్కడ అందరూ గంజాయి పిల్లలే కారు. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు, అందరికన్నా చిన్నవాళ్లు వాళ్లే. 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వేలో 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో ఇలా పీల్చేవాళ్లు 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. ఆ చిన్నవాళ్లకు మాటల వైద్యం ఎక్కలేదు. ఈ చోటు వాళ్లకు సరిపోలేదన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు నా ఫిర్యాదులు. రాత్రి డ్యూటీకి ఒకే ఒక్క మనిషి, అతనికి నర్సింగ్ చదువు లేదు. ఒక పిల్లాడు గోడ దూకి మెయిన్ రోడ్డెక్కాడు. దొరికాడు, కానీ వాళ్లమ్మకు మర్నాడు మధ్యాహ్నం దాకా ఫోన్ చేయలేదు. ఫీజు నెలకు అరవై వేల పైమాట, ల్యాబ్ పరీక్షలు విడిగా. ఇన్సూరెన్స్ వాళ్లు మత్తు అలవాట్ల చికిత్స తమ పాలసీలో మినహాయింపు అని ఒక్క ముక్కలో తేల్చేశారు, మీ పాలసీలోనూ ఆ లైను ఉందేమో ముందే చూసుకోండి. పెద్ద లోపం ఆ తర్వాతి కాలానిది. నెలనెలా ఫాలోఅప్ అన్నారు, మూడు కాల్స్ తర్వాత గుడ్ మార్నింగ్ మెసేజీలు తప్ప ఇంకేం రాలేదు. ఇంటికొచ్చిన కొన్ని నెలలకు హోలీ రోజు వాడు మళ్లీ తాగి వచ్చాడు. ఒక స్టారుకు దిగిపోయింది అప్పుడే. సిటీలో ఉన్న సైకియాట్రిస్టు దగ్గర మళ్లీ మొదలుపెట్టాం, ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాం. కౌన్సెలర్ కుర్రాడు ఆ ఉద్యోగం మానేసినా మా వాడు చేస్తే ఫోన్ మాత్రం ఎత్తుతాడు, అర స్టారు పెరిగింది అందుకే.

ప్రస్తుతం: ఒక ఏడాది పోయింది, ఇంటర్ సప్లిమెంటరీలో గట్టెక్కి డిగ్రీలో చేరాడు. గంజాయి లేదు. సిగరెట్ ఉంది. దాని గురించి ఇంట్లో రోజూ యుద్ధమే.

గంజాయి ఒక్కటే సమస్య అయితే, ఇంట్లో ఒకరు పనులు మానుకుని అక్కడ ఉండగలిగితే, ఈ చోటు పనికొస్తుంది. ఇంజెక్షన్లు, నిద్రమాత్రలు, ఫిట్స్ ఉంటే తోటలకు పోకండి, డాక్టర్లు ఇరవై నాలుగు గంటలూ ఉండే ఆసుపత్రిలో ముందు చేర్చండి. ఖర్చు భరించలేకపోతే 14446కు ఫోన్ చేస్తే కేంద్రం నిధులిచ్చే పునరావాస కేంద్రాల వివరాలు చెబుతారు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు. ఏ సెంటర్ చూడటానికి వెళ్లినా పగలు వెళ్లి తోట చూసి వచ్చేయకండి. రాత్రి పదింటికి ఒకసారి ఫోన్ చేసి, ఎవరు ఎత్తుతారో, ఆ మనిషి చదువేంటో అడగండి.