బడి వంటగదిలో బొద్దింకల జెల్: మూడేళ్లు వాడాక

మాది జిల్లా పరిషత్ హైస్కూల్. మధ్యాహ్న భోజనం స్టోర్ రూమ్ తాళం నా దగ్గర ఉంటుంది కాబట్టి బొద్దింకల గొడవ కూడా నా మెడకే చుట్టుకుంది. మూడేళ్ల కిందట వంట చేసే అక్క, "సార్, పొద్దున్నే లైటేస్తే గట్టంతా కదుల్తోంది" అంది.

అంతకుముందు ఏడాదికోసారి ఒకతను వచ్చి స్ప్రే కొట్టిపోయేవాడు. నాలుగు రోజులు వాసన, పక్కనున్న ఆరో తరగతి పిల్లలకు తలనొప్పి. నెల తిరక్కుండానే బొద్దింకలు మళ్లీ హాజరు. పైగా 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ బడిలో వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారని చదివినప్పటి నుంచి వంటగది దరిదాపుల్లో పురుగుమందు సీసా కనిపిస్తే నాకు టెన్షనే. అందుకే స్ప్రే మానేసి, బొద్దింకలు తిని చచ్చే ఎర లాంటి జెల్‌కి మారాం.

మేం వాడేది 0.05 శాతం ఫిప్రోనిల్ అనే పురుగుల మందు ఉన్నది. సిరంజిలో వస్తుంది. తలుపు బందుల వెనక, గట్టు కింద పగుళ్లలో, సింకు పైపు గోడలోకి దూరే చోట మిరియపు గింజంత చుక్కలు పెడతాం. పిల్లల చెయ్యి, వంట గిన్నె తగిలే చోట అస్సలు పెట్టం. తిన్న బొద్దింక సందులోకి వెళ్లి చస్తుంది. దాన్నీ దాని రెట్టనూ తిన్న మిగతావి కూడా పోతాయి. పది రోజుల్లో తేడా తెలిసింది. కానీ గుడ్ల సంచులను జెల్ ఏమీ చేయలేదు. అవి పొదిగాక వచ్చే పిల్లల కోసం మూడు వారాలకు మళ్లీ పెట్టాల్సిందే. మొదటిసారి ఆ సంగతి తెలియక, మందు నకిలీదేమోనని దుకాణం వాడితో పోట్లాడాను.

రెండో ఏడాది దసరా సెలవుల్లో ఎవరో పాపం మంచికే అనుకుని జెల్ పెట్టిన చోటే స్ప్రే కొట్టారు. ఇక బొద్దింకలు దాని జోలికి రాలేదు, అంతా తుడిచి మళ్లీ మొదలుపెట్టాం. ఎంగిలి గిన్నెలు రాత్రంతా నానబెట్టినా ఇంతే. అన్నం మెతుకులు దొరుకుతుంటే జెల్ ఎవరిక్కావాలి? కారే కుళాయి బాగుచేయించి, పప్పులు మూత డబ్బాల్లోకి మార్చాకే నిజంగా అదుపులోకి వచ్చాయి.

ఎలుకల మీద ఈ జెల్ పనిచేయదు. వాటికి తలుపు కింద రేకు కొట్టించాం, కిటికీకి సన్నకన్నాల ఇనుప జాలీ, లోపల ఒక బోను. ఎలుకల మందు పెట్టనివ్వలేదు. జిగురు అట్ట ఒక్కసారి పెడితే ఉడుత పిల్ల అతుక్కుంది. ఎనిమిదో తరగతి పిల్లలు గంటసేపు మంచినూనె రాసి విడిపించారు, ఆ పీరియడ్ లెక్కలు గోవిందా.

జెల్ ఖరీదు స్ప్రే డబ్బా కంటే ఎక్కువే. అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి ఎందుకు తగ్గించానంటే, మూత సరిగా పెట్టకపోతే సిరంజి మొన దగ్గర జెల్ గట్టిపడిపోతుంది. ఈ జూన్‌లో సగం మందు అలాగే పారేశాం.