పైత్యరస నాళానికి ప్లాస్టిక్ స్టెంటా, మెటల్ స్టెంటా?

క్యాన్సర్ గడ్డ పైత్యరస నాళాన్ని మూసేస్తే కామెర్లు వస్తాయి. కళ్లు పచ్చబడటం అందరికీ కనిపిస్తుంది. రాత్రంతా నిద్ర పట్టనివ్వని దురద ఎలా ఉంటుందో పడేవాళ్లకే తెలుసు. స్టెంట్ అంటే మూసుకున్న నాళంలో దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం. అది గడ్డను తగ్గించదు. కానీ రసం పేగులోకి దిగితే దురద పోతుంది, కీమో మొదలుపెట్టే వీలు కలుగుతుంది.

ప్లాస్టిక్ స్టెంట్ చవక, తీయడం తేలిక. అయితే బాగా సన్నం, లోపలి దారి మూడు మిల్లీమీటర్లకు మించదు. బ్యాక్టీరియా, మడ్డి పేరుకుని దాదాపు 3 నెలల్లో పూడుకుపోతుంది. అప్పుడు చలిజ్వరం, మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ఈఆర్‌సీపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం దించి స్టెంట్ వేసే పద్ధతి). మెటల్ స్టెంట్ ముడుచుకున్న వలలా లోపలికి వెళ్లి 8 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, చాలామందికి ఇంకా ఎక్కువ నెలలు నిలుస్తుంది. అందుకే అడ్డు నాళం కింది భాగంలో ఉండి, ఆపరేషన్ కుదరదని తేలితే నా ఓటు మెటల్‌కే. ధర చూసి జంకేవాళ్లు రెండోసారి ఈఆర్‌సీపీకి అయ్యే ఖర్చు కూడా కలిపి చూడండి. ఉన్న కొద్ది నెలల్లో ఒక వారం వార్డులో గడిచిపోతే ఆ వారం తిరిగి రాదు.

మెటల్‌లో వలపై పొర (కవర్) లేనిది కదలకుండా కూర్చుంటుంది. కానీ వల కన్నాల్లోంచి గడ్డ లోపలికి పెరగొచ్చు, తర్వాత ఆ స్టెంట్‌ను తీయడం చాలా కష్టం. పొర ఉన్నదాన్ని తీయొచ్చు కానీ జారిపోయే అవకాశం ఎక్కువ. ఒక్కోసారి పిత్తాశయం దారికి అడ్డుపడి అక్కడ వాపు తెస్తుంది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలకుండా పొర లేనిది వేయించుకోవద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను.

కుడి, ఎడమ నాళాలు కలిసే చోట అడ్డు ఉంటే లెక్క మారుతుంది. పొర ఉన్న స్టెంట్ అక్కడ పక్క కొమ్మలను మూసేస్తుంది. కాబట్టి ప్లాస్టిక్ గానీ, పొర లేని మెటల్ గానీ వాడతారు. కాలేయంలో సగానికి పైగా భాగం నుంచి రసం దిగాలి, దానికి ఒక్క స్టెంట్ చాలకపోవచ్చు.

త్వరలోనే ఆపరేషన్ ఉంటే అసలు స్టెంట్ కావాలా అని ముందు అడగండి. క్లోమం తల భాగంలో క్యాన్సర్ ఉన్నవారిపై నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధన 2010లో వచ్చింది. నేరుగా ఆపరేషన్ చేసినవారిలో 39 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు వస్తే, ముందు ప్లాస్టిక్ స్టెంట్ వేసినవారిలో 74 శాతం మందికి వచ్చాయి. నాళంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, కామెర్లు బాగా ముదిరినా, ముందు కీమో ఇవ్వాల్సి ఉన్నా స్టెంట్ తప్పదు. అప్పుడూ మెటలే మేలు.

ఏది వేసినా, వణుకుతో జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.