శుక్రవారం సాయంత్రాల డాక్యుమెంటరీలు: ఐదు ప్రదర్శనలు చూశాక

హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో శుక్రవారం సాయంత్రాల్లో డాక్యుమెంటరీలు ప్రదర్శించి, ఆ వెంటనే చర్చ నిర్వహిస్తున్నారు. వరసగా ఐదు వారాలు నేను వాటికి హాజరయ్యాను. ప్రవేశం ఉచితం, బయటివారు గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి రిజిస్టరులో సంతకం చేస్తే చాలు. ఇలాంటి చిత్రాలు థియేటర్లకు రావు. నాలుగు దశాబ్దాల కిందటి చిత్రాన్ని పెద్ద తెర మీద నలుగురితో కలిసి చూసి, చూసినదాని గురించి అక్కడే మాట్లాడుకోగల చోట్లు నగరంలో బహు తక్కువ. ఉన్న ఈ ఒక్క చోటూ బాగా నడవాలన్న కోరికతోనే ఇది రాస్తున్నాను.

చిత్రాల ఎంపికను మనసారా మెచ్చుకోవాలి. మొదటి వారం ఫిల్మ్స్ డివిజన్ కోసం ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో తీసిన 'ఐ యామ్ 20' వేశారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే పుట్టి, దేశంతో పాటే ఇరవయ్యో ఏట అడుగుపెట్టిన యువతీయువకులను పలకరిస్తూ సాగే చిత్రమిది. ప్రభుత్వ సంస్థ తీసిన సినిమాలో అంత నిర్మొహమాటమైన మాటలు వినబడతాయని నేను అనుకోలేదు. ఆ తరువాతి నాలుగు వారాలూ డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్ చిత్రాలకే కేటాయించారు. వారానికొక దర్శకుడి చొప్పున పేర్లు పోగేయకుండా, ఒకరి పనినే వరసగా చూపించడం వల్ల, 1980ల తొలి రోజుల్లో యుగాంతర్ అనే స్త్రీవాద చిత్ర బృందంతో కలిసి తీసిన చిన్న చిత్రాల నుంచి, కుటుంబ నియంత్రణ కార్యక్రమం స్త్రీల శరీరాల మీద ఎలా అమలైందో చూపిన 1991 నాటి 'సమ్‌థింగ్ లైక్ ఎ వార్' వరకు ఒక ఆలోచన ఎలా ఎదిగిందో ప్రేక్షకులకు కళ్లెదుటే తెలిసింది.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది రెండో వారం. యుగాంతర్ బృందం హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల సంఘంతో కలిసి 1983లో తెలుగులో తీసిన 'ఇది కథ మాత్రమేనా' ఆ రోజు వేశారు. ఇంట్లో ఆడవాళ్లు పడే హింస గురించి బయట నోరెత్తని కాలంలో, ఆ సంఘం సభ్యులు తమలో తాము చర్చించుకుని అల్లిన కథ అది. పాత్రధారులతో తీసిన చిత్రాన్ని డాక్యుమెంటరీల వరసలో ఎలా చేరుస్తారని ఒక విద్యార్థి అడిగాడు. అది సరైన ప్రశ్నే. అయితే దానికి వచ్చిన జవాబు వేదిక మీది నుంచి కాదు, హాలు వెనక వరసల నుంచి. హాస్టల్ మెస్‌లో పనిచేసే స్త్రీలు కొందరు, తెలుగు సినిమా అని తెలిసి, డ్యూటీ ముగించుకుని వచ్చి వెనక నిలబడ్డారు. వారిలో ఒకావిడ మైకు అక్కర్లేదని చెప్పి, సినిమాలో ఏ చోట తన సొంత ఇల్లు కనబడిందో, ఏ చోట ఆ కథానాయిక చేసిన పని తాను చేయలేకపోయిందో, తడుముకోకుండా పది నిమిషాలు చెప్పింది. ఆ తరువాత అది కథా, వాస్తవమా అని ఎవరూ అడగలేదు. అంతవరకు ఇంగ్లీషులో నడిచిన చర్చ దానంతటదే తెలుగులోకి మారింది.

మరుసటి వారం వాళ్లు మళ్లీ వచ్చారు. ఆ రోజు 'మొల్కరిణ్'. పుణె నగరంలో ఇళ్లలో పనిచేసే స్త్రీలు సమ్మెకు దిగి సంఘంగా ఏర్పడిన వైనాన్ని 1981లో చిత్రించిన సినిమా అది. ఆ హాలులో దానితో అందరికంటే దగ్గరి సంబంధం ఉన్నవారు వెనక వరసలో నిలబడిన వాళ్లే. కానీ సినిమా మరాఠీలో ఉంది, సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక విద్యార్థిని కాసేపు చెవిలో తెలుగు చేసి చెప్పింది. ముందు వరస వారు వెనక్కి తిరిగి చూడటంతో ఆపేసింది. సగం కాకముందే వాళ్లు వెళ్లిపోయారు. ఆ తరువాత శ్రామిక స్త్రీల గురించి వేదిక మీద చక్కని ఉపన్యాసాలే జరిగాయి గానీ, నా మనసు వాటి మీద నిలవలేదు. అరగంటలోపు నిడివి గల చిత్రానికి తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం తెలుగు శాఖ విద్యార్థులు ఇద్దరు కూర్చుంటే కాని పని కాదు. అదీ కుదరకపోతే, ప్రదర్శనకు ముందు ఐదు నిమిషాలు కథాక్రమాన్ని తెలుగులో చెప్పినా కొంత మేలు.

హాలు సంగతి క్లుప్తంగా చెబుతాను. తెర, ప్రొజెక్టర్ బాగున్నాయి. కిటికీ పరదాలు పలుచన కావడంతో ఆరు గంటల దాకా వెలుతురు తెర మీద పడుతూనే ఉంటుంది. గోడలు మాటను తిప్పికొడతాయి కాబట్టి, వీధుల్లో నమోదు చేసిన పాత సంభాషణలు వెనక కూర్చున్నవారికి స్పష్టంగా వినబడవు. మధ్య వరసల్లో కూర్చోవడం మంచిది.

పెద్ద లోపం చర్చ సమయం విషయంలో ఉంది. ఇద్దరు వక్తలకు తలా పది నిమిషాలని ప్రకటిస్తారు. ఒక్కొక్కరూ అరగంటకు తక్కువ మాట్లాడరు. ఏడు గంటలకు హాలు మూసేయాలి. ప్రేక్షకులకు మిగిలేది పావుగంట. దీనికి మినహాయింపు నాలుగో వారం ఒక్కటే: ఆ రోజు వచ్చిన ఎడిటర్ ఉపన్యాసం మాని, సినిమాలోని ఒకే దృశ్యాన్ని మళ్లీ వేసి, మనిషి మాట ఆపేసిన తరువాత కూడా షాట్‌ను ఎందుకు కొనసాగనిస్తారో విడమరచి చెప్పారు. అది నాకు నిజంగా పాఠం.

ఐదో వారం 1984 నాటి హైదరాబాదు మత కల్లోలాల మీద తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' ప్రదర్శించారు. ఆ ఏడాది ఆగస్టు 16న రామారావు ప్రభుత్వాన్ని పడగొట్టి, సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యే వరకు రాజకీయం ఎలా ఉడికిందో మన పెద్దవాళ్లకు బాగా గుర్తు. అదే కాలంలో పాతనగరం ఏమైందన్నది అంతగా చెప్పుకోం. 1986లో పూర్తయిన ఆ సినిమా చూడటానికి పాతనగరం నుంచి ఒక పెద్దాయన మనవడిని వెంటబెట్టుకుని వచ్చారు. వక్తల ప్రసంగాలు ముగిసి మైకు ఆయన చేతికి వచ్చేసరికి ఏడుకు నాలుగు నిమిషాలే ఉంది. కర్ఫ్యూ సడలించిన మొదటి రోజు పాల కోసం బయటికి వెళ్లిన తన తమ్ముడి గురించి మొదలుపెట్టారు. అంతలో దీపాలు ఆర్పుతామని వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు. నిర్వాహకులు క్షమాపణ చెప్పి ముగించారు. ఆ తమ్ముడు సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరాడనీ, అతడిని దాచి కాపాడింది పక్క వీధిలోని హిందూ కుటుంబమనీ, ఆ ఇంటివారితో రాకపోకలు ఈనాటికీ ఉన్నాయనీ గేటు బయట బస్టాపులో ఆయన చెబితే విన్నాను. అక్కడ ఆ మాట విన్నది ముగ్గురమే.