స్పానిష్ మాట్లాడేవాళ్ల కోసం ‘నెట్‌వర్కింగ్ ఇంగ్లీష్’ కోర్సా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

మెక్సికోలోనో అమెరికాలోనో పనిచేస్తూ, టీమ్‌లో స్పానిష్ మాట్లాడేవాళ్లున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. నేను మెక్సికోలోని గ్వాదలహారాలో నెట్‌వర్క్ సపోర్ట్ టీమ్ చూసుకుంటాను. ఈమధ్య నలుగురు కుర్రాళ్లు కొత్తగా చేరారు. పనిలో చురుకైనవాళ్లే, ఇంగ్లీష్ అంటేనే టెన్షన్. వాళ్ల కోసం ఆన్‌లైన్‌లో ఒక కోర్సు కొన్నాను. గ్రామర్, నెట్‌వర్కింగ్ పదాలు కలిపి నేర్పుతామన్నారు. మనిషికి 1,800 పెసోలు, మొత్తం 7,200. ఇంతవరకు ఒక్క పెసో వెనక్కి రాలేదు.

మొదటి పాఠంలోనే అనుమానం వచ్చింది. స్పానిష్‌లో నెట్‌వర్క్‌ను ‘రెద్’ అంటారు. స్పెల్లింగ్ మాత్రం ఇంగ్లీష్‌లో ఎరుపు రంగుదే. నెట్‌వర్క్ డౌన్ అయిందనే వాక్యానికి వాళ్లిచ్చిన ఇంగ్లీష్ ‘ది రెడ్ ఈజ్ ఫాలెన్’. కేబుల్ పెట్టే పోర్టును స్పానిష్‌లో ‘పుఎర్తో’ అంటారు, ఓడరేవుకూ అదే మాట. దాన్ని ‘హార్బర్’ చేశారు. నెట్‌వర్క్‌లో డేటా ముక్కలుగా వెళ్తుంది, ఆ ముక్కే ఫ్రేమ్. దాన్ని స్పానిష్‌లో ‘త్రామా’ అంటారు, కథలోని ప్లాట్‌కూ అదే మాట. ఇక్కడ ‘ప్లాట్’ అని వేసి వదిలేశారు. నెట్‌వర్కింగ్ తెలిసిన మనిషెవరూ ఈ పాఠాలు ఒక్కసారైనా చదివి ఉండరు.

ఇవి చూడగానే దొరికే తప్పులు. మమ్మల్ని దెబ్బతీసింది దొరకని తప్పు. ‘ఆక్తువల్మెంతె’ అంటే స్పానిష్‌లో ‘ప్రస్తుతం’. దానికి ‘యాక్చువల్లీ’ అని నేర్పారు. మావాడొకడు ‘ఇప్పుడు లింక్ పనిచేస్తోంది’ అని చెప్పాలనుకుని, క్లయింట్ సమస్య నమోదు చేసిన టికెట్‌లో ‘యాక్చువల్లీ ది లింక్ ఈజ్ వర్కింగ్’ అని రాశాడు. ‘లింక్ బాగానే ఉంది, మీరే తప్పు చెబుతున్నారు’ అన్నట్టు తీసుకున్నారు అవతలివాళ్లు. కాల్‌లో వాళ్లు గట్టిగా అడుగుతుంటే తను చేసిన తప్పేమిటో ఆ అబ్బాయికి తెలియలేదు. నాకు చాలా బాధేసింది, కోర్సు కొన్నది నేను కదా.

అంకెలూ నమ్మేలా లేవు. నెట్‌వర్క్‌లో పరికరాలకు ఇచ్చే ఐపీవీ4 అడ్రస్ 32 బిట్లు, అంటే మొత్తం అడ్రస్‌లు సుమారు 429 కోట్లు. ఇంగ్లీష్‌లో 4.3 బిలియన్. స్పానిష్‌లో ‘బియోన్’ అంటే లక్ష కోట్లు. కోర్సువాళ్లు రెండూ ఒకటే అనుకుని లెక్కను వెయ్యి రెట్లు పెంచేశారు.

గ్రామర్ సంగతి ఇంకా అన్యాయం. మనం ‘డౌన్ అయింది’ అంటే సరిపోయినట్టే స్పానిష్‌లోనూ కర్త లేకుండా వాక్యం నడుస్తుంది. అందుకే మా కుర్రాళ్లు ‘ఇట్’ వదిలేసి ‘ఈజ్ డౌన్’ అని రాస్తారు. ఇన్, ఆన్, ఎట్ మూడింటికీ చాలాచోట్ల వాళ్లకు ‘ఎన్’ ఒక్కటే. వాళ్లకు నేర్పాల్సింది ఇదీ. దీని గురించి కోర్సులో ఒక్క లైను లేదు.

ఏడు రోజుల్లో రిఫండ్ అన్నారు. మూడో రోజే అడిగితే, పాఠాలు తెరిచారు కాబట్టి ఇవ్వం అన్నారు. ఆ షరతు కొనేటప్పుడు ఎక్కడా కనిపించలేదు. పేజీల స్క్రీన్‌షాట్లు, రసీదు పెట్టి ఇక్కడి వినియోగదారుల సంస్థ ప్రొఫెకోలో ఫిర్యాదు చేశాను. జవాబు రావాలి.

ఇలాంటి కోర్సు ఏది చూసినా ముందు శాంపిల్ పాఠం అడగండి. అందులో రెద్, పుఎర్తో, త్రామా, ఆక్తువల్మెంతె వెతకండి. శాంపిల్ ఇవ్వం అని వాళ్లంటే అక్కడే ఆపేయండి. రిఫండ్ షరతులు డబ్బు కట్టేముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మా కుర్రాళ్లూ నేనూ రోజూ వచ్చే టికెట్లలోంచే సొంతంగా ఒక పదాల పట్టిక రాసుకుంటున్నాం. కావాలంటే అడగండి, ఊరికే పంపిస్తాను.