ఖాతాలో డబ్బు పడిందని పార్సిల్ పంపేయకండి, పాత నాణేల వేలంలో నాకు జరిగింది చూడండి

వాట్సాప్ వేలాల్లో పాత నాణేలు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. నిన్న బ్యాంకు మెట్లు దిగినప్పటి నుంచి రాయాలని చూస్తున్నాను, కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గలేదు. ఈలోపు ఇంకొకరు మునుగుతారేమో అన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

మూడు వారాల కింద ఒక ఆదివారం రాత్రి వేలంలో మా అమ్మమ్మ రూపాయలు ఆరు పెట్టాను. మహబూబ్ అలీ ఖాన్ చార్మినార్ రూపాయలు, హిజ్రీ 1321 నుంచి 1329 దాకా వచ్చిన రకం. మా పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆ నిజాం మీదనే. ఊట్కూరు దిక్కున మా అమ్మమ్మ వాటిని దండగా గుచ్చి మెడలో వేసుకునేది, హాలి సిక్కా, అంటే నిజాం కాలం పైసలు, చెల్లకుండా పోయాక కూడా తీయలేదు. బిడ్డ ఇంటర్ ఫీజు కోసం వాటిని పెట్టాల్సి వచ్చింది, ఆ సంగతి ఇక్కడ వద్దు.

18,400కు పాట నిలిచింది. పోస్టు ఖర్చు 200 కలిపి 18,600. పాడినతను మీలో చాలామందికి తెలిసిన మనిషే. అంతకుముందు నా దగ్గర రెండు చిన్న లాట్లు (ఒక్క పాటలో అమ్మే నాణేలను లాట్ అంటాం) కొన్నాడు, ఒకటి 450, ఇంకోటి 700, రెండిటికీ గంటలోపే పైసలు వేశాడు. అందుకే నమ్మాను. ఆ రెండు లాట్లు నన్ను నమ్మించడానికే కొన్నాడని ఇప్పుడు అర్థమవుతోంది.

మా వేలం రూల్ ప్రకారం 48 గంటల్లో కట్టాలి. మంగళవారం సర్వర్ డౌన్ అన్నాడు. బుధవారం ఒక స్క్రీన్‌షాట్ పంపాడు, పచ్చ టిక్కు, నా పేరు, 18,600 అన్నీ ఉన్నాయి, నా ఖాతాలో మాత్రం రూపాయి పెరగలేదు. యూటీఆర్ నంబరు, అంటే ఆ చెల్లింపుకు వచ్చే రెఫరెన్స్ నంబరు, పంపమన్నాను. యూపీఐలో ఆ నంబరు పన్నెండు అంకెలుంటుంది. అతను పంపినదాంట్లో పదకొండే ఉన్నాయి. వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను, పదకొండే. అక్కడే ఆగిపోవాల్సింది, లాట్ క్యాన్సిల్ చేసి రెండో బిడ్డర్‌కు ఇచ్చేయాల్సింది. "తప్పు కొట్టినన్నా, మా ఇంట్ల వాళ్ల ఫోన్ల నుంచి ఏపిస్త" అన్నాడు, సరే అన్నాను.

గురువారం సాయంత్రం డబ్బు నిజంగానే పడింది. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మరీ చూశాను, 18,600 ఉంది. పంపినవారి పేరు మాత్రం ఎవరో ఆడమనిషిది. అడిగితే మా అత్తమ్మ అన్నాడు. అప్పటిదాకా మూడు రోజులు టెన్షన్ పడి ఉన్నానేమో, డబ్బు కనబడేసరికి ఇక వేరే ఆలోచనే రాలేదు.

శుక్రవారం పార్సిల్ కట్టాను. ఆరు రూపాయలనూ విడివిడిగా హోల్డర్లలో పెట్టి, రెండు అట్టల మధ్య టేపు వేసి, ఊపితే చప్పుడు రాకుండా చూసుకుని, అట్ట మీద నాణేలు అన్న మాట రాయకుండా, హెడ్ పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్ చేసి పూర్తి విలువకు ఇన్సూరెన్స్ కూడా కట్టాను. ఇన్సూరెన్స్ లేకుండా పోతే వాళ్లిచ్చేది మనం కట్టిన చార్జీకి రెట్టింపో, వెయ్యి రూపాయలో, ఏది తక్కువైతే అది. అది తెలుసు కాబట్టే కట్టాను. దారిలో పోతుందేమో అన్న భయమే తప్ప ఎవరి చేతికి పోతోంది అన్న ఆలోచన నాకు లేదు. అడ్రసు హైదరాబాద్‌ది, ఒక షాపు కేరాఫ్. పేరు మళ్లీ వేరే. సోమవారం డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో చూపించింది, అతను చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

తర్వాత పదకొండు రోజులకు భూత్పూర్ రోడ్డు మీద పెట్రోల్ బంకులో 500 కొట్టించి స్కాన్ చేస్తే ఫెయిల్. మళ్లీ చేస్తే మళ్లీ ఫెయిల్. వెనక బండ్లవాళ్లు హారన్లు. తెలిసిన పిల్లవాడు ఒకడు కట్టాడు. బ్యాంకుకు పోతే 18,600 మీద లీన్ ఉంది, అంటే ఆ డబ్బు తీయకుండా ఆపేశారు, కర్ణాటకలో మీ మీద సైబర్ క్రైమ్ కంప్లైంట్ ఉంది అన్నారు. నా ఖాతాలో ఉన్నదే 18,900.

నా మీద కంప్లైంట్ ఏంటని అక్కడే కౌంటర్ ముందు నిలబడి ఉండగానే ఫోన్ వచ్చింది. నా యూపీఐ ఐడీ నా ఫోన్ నంబరే కాబట్టి ఆమెకు నంబరు దొరికింది. పెద్దావిడ, రాయచూరు దిక్కు తెలుగు. "నా పైసలు తిని నీకు గొంతు దిగుతుందా నాయనా? మా ఆయన పింఛన్ పైసలవి" అని మొదలుపెట్టింది. నేనెవరో, ఆమె ఎవరో నాకు తెలియదు. అమ్మా, మీరెవరికి చేస్తున్నారో అంటే ఇంకా గట్టిగా తిట్టింది. చుట్టూ జనం చూస్తున్నారు. చివరికి ఒక ఫోటో పంపిస్తా, చూడు, ఇవి నువ్వు అమ్ముతానన్నవి కావా అంది.

ఫోటో తెరిచాను. మా ఇంటి అరుగు మీద, ఆకుపచ్చ తువ్వాల మీద మా అమ్మమ్మ రూపాయలు. అంచున పట్టుకున్న బొటనవేలు నాది, ఆ చీలిన గోరు నాదే. వేలంలో పెట్టేటప్పుడు పేరు, తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి తీస్తాం కదా, ఆ చీటీని కత్తిరించేశాడు. ఒక మూలన కాగితం అంచు తెల్లగా ఇంకా కనబడుతోంది.

అంటే జరిగిందేంటంటే, నా లాట్ పాడుకుని, నా ఫోటోనే ఆమెకు చూపించి, తనవే అని అదే ధరకు అమ్మి, డబ్బు కట్టడానికి నా యూపీఐ ఐడీ ఇచ్చాడు. స్క్రీన్ మీద నా పేరు కనబడిందట, ఆమె అడిగిందట కూడా, మా లెక్కలు చూసే ఆయన పేరు అన్నాడట. ఆమె డబ్బు నాకొచ్చింది, నా రూపాయలు వాడికి పోయాయి. వాడి జేబులోంచి ఒక్క పైసా పోలేదు. ఆమె పది రోజులు ఎదురుచూసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది, అందులో తప్పేముంది? రికార్డులో ఆమె డబ్బు తీసుకున్నది నేనే.

కౌంటర్ పక్కన బల్ల మీద కూర్చుని వాడికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆమె ఫోటో పంపి, ఇదేంది అని రాశాను. రెండు నిమిషాలకు వాయిస్ వచ్చింది, తొమ్మిది సెకన్లు. "నీ పైసలు నీకొచ్చినయ్ కదన్నా. ఆమెతోని నీకేం పని. లొల్లి చెయ్యకు." అంతే, బ్లాక్. ఆ తొమ్మిది సెకన్లు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అన్నా అన్నప్పుడు గొంతు ఎప్పటిలాగే ఉంది, లాట్ పాడేటప్పుడు ఎట్లుందో అట్లే ఉంది. డబ్బు పోయినదానికంటే నన్ను ఎక్కువగా కోస్తున్నది అదే. నా చేత్తో, నా పేరుతో ఒక పెద్దావిడను ముంచాడు, ముంచి నీకేం పని అంటున్నాడు. మా అమ్మమ్మ మెడలోని రూపాయలు అట్లా పోవడానికి దారి ఇచ్చింది నేనే. పదకొండు అంకెలు లెక్కపెట్టినవాణ్ని, పేరు వేరే అని చూసినవాణ్ని, అయినా పంపాను.

సాయంత్రం ఆమెకు మళ్లీ ఫోన్ చేసి చాట్, పోస్టు రసీదు అన్నీ పంపాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, నీవి కూడా పోయినట్టే కదా నాయనా అంది. నేనూ 1930లో, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ ఇచ్చాను. బ్యాంకువాళ్లు ఆమె కంప్లైంట్ అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, ఏ స్టేషనో రాసిచ్చారు. లీన్ తీయాలంటే ఆ స్టేషన్ నుంచే లెటర్ రావాలన్నారు, కావాల్సిన కాగితాలన్నీ మనమే వాళ్లకు పంపాలట. ఎవరికైనా ఇట్లా అయితే చాట్ డిలీట్ చేయకండి, వాయిస్ మెసేజ్ దాచుకోండి, ఇంగ్లిష్ E అక్షరంతో మొదలై IN తో ముగిసే ఆ 13 అక్షరాలు, అంకెల స్పీడ్ పోస్ట్ నంబరున్న రసీదు ఫోటో తీసి పెట్టుకోండి, ఆ ఇంకు తొందరగా మాసిపోతుంది.

అమ్మేవాళ్లకు ఒక్కటే చెప్తాను. పాడిన మనిషి పేరు, డబ్బు వేసిన పేరు, పార్సిల్ మీద రాసే పేరు, ఈ మూడూ ఒకటే కాకపోతే పంపకండి. అత్త, బావమరిది, ఫ్రెండ్ ఏదీ వినకండి. డబ్బు వచ్చేసినా సరే, వచ్చిన ఖాతాకే వెనక్కి వేసేయండి, వాడు చెప్పే ఇంకో నంబరుకు కాదు, అది వేరే మోసం. అంతకంటే ముందు, డబ్బు వేసినావిడతో ఒక్కసారి ఫోన్లో మాట్లాడించమని అడిగినా నా సంగతి అక్కడే తేలిపోయేది. ఇంకోటి, 2025 అక్టోబరు నుంచి స్పీడ్ పోస్టులో ఓటీపీ చెబితేనే పార్సిల్ ఇచ్చే పద్ధతి ఉంది, 5 రూపాయలు, పైన జీఎస్టీ. నేను పెట్టలేదు. పెట్టి ఉంటే పార్సిల్ తీసుకున్నది ఫలానా నంబరు మనిషే అని పోలీసుల ముందు పెట్టడానికి ఒక ఆధారం ఉండేది. చీటీని పక్కన కాదు, నాణేల కింద నడిమిట్ల పెట్టి ఫోటో తీయండి, కత్తిరిస్తే నాణెం కూడా పోవాలి.

కొనేవాళ్లు, పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద వచ్చే పేరు చదవండి. మీతో మాట్లాడే మనిషి పేరు అది కాకపోతే కట్టకండి. అదే నాణేన్ని ఇవాళ్టి తేదీ చీటీతో ఇంకో ఫోటో తీసి పంపమనండి. చేతిలో వస్తువు లేనివాడు పంపలేడు.

ఆరు రూపాయల గుర్తులు ఇవి. అన్నిటికీ చార్మినార్ బొమ్మ నడిమి ద్వారంలో ఉర్దూ మీమ్ అక్షరం (م) ఉంటుంది, ఐన్ అక్షరం (ع) ఉంటే అవి తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌వి, నావి కావు. అన్నిటికీ పైఅంచున దండ రింగు ఊడదీసిన టంకం మచ్చ ఉంది. హిజ్రీ 1325 నాటి రూపాయికి ఆ మచ్చ మినార్ల మీదిదాకా కిందికి కారి ఉంటుంది, వెనక వైపు అంచు మీద పక్కపక్కన రెండు చిన్న గాట్లు, చిన్నప్పుడు నేను మేకుతో కొట్టినవి. ఎక్కడ అమ్మకానికి కనబడినా కొనకండి, అమ్మేవాణ్ని ఏమీ అనకండి, స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి. సోమవారం పొద్దున బస్సుకు రాయచూరు పోతున్నాను, ఆమె కూడా స్టేషన్‌కు వస్తానంది.